దేవుని సమయం కోసం కనిపెట్టుట: యిర్మీయా ఉత్తరం, ఒంగోలు సాక్ష్యం

ప్రభువునందు ప్రియమైన సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు మన రక్షకుడైన యేసుక్రీస్తు నామములో వందనాలు. ఈ సాయంకాలపు కూడికలో ధ్యానించడానికి యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 10వ వచనాన్ని తీసుకున్నాను. ఆ తరువాతి వచనం మీలో చాలామందికి కంఠతా వచ్చు. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అనే ఆ మాట మన ఇళ్ళ గోడల మీది క్యాలెండర్లలో ఉంటుంది, పెళ్ళి శుభలేఖల మీద ఉంటుంది, డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పళ్ళెంలో పెట్టి వరుసగా అందించే వాగ్దాన కార్డుల్లో ఉంటుంది. అర్ధరాత్రి దాటాక చిన్నపిల్లలు సైతం నిద్రకళ్ళతో లేచి ఒక కార్డు తీసుకుంటారు, అమ్మ దాన్ని చదివి వినిపిస్తుంది, మరునాడు అది బైబిల్లోకో బీరువా అద్దం మీదికో చేరుతుంది. ఆ అలవాటును నేను తప్పుపట్టడం లేదు. అయితే దాని పైనున్న 10వ వచనాన్ని అచ్చువేసిన కార్డు ఇంతవరకు నా కంటబడలేదు. బబులోను రాజ్యమునకు డెబ్బది సంవత్సరములు గతించిన తరువాతనే మిమ్మును దర్శింతునని అక్కడ దేవుడు చెబుతున్నాడు. సమాధానకరమైన ఉద్దేశములు కావాలని మనమందరం కోరుకుంటాం, ఆ ఉద్దేశములకు దేవుడు పెట్టిన గడువును మాత్రం చదవకుండా దాటిపోతాం.

ఈ అధ్యాయం యిర్మీయా ప్రవక్త యెరూషలేము నుంచి బబులోను చెరలో ఉన్నవారికి పంపిన ఉత్తరం. ఆ ఉత్తరం ఎవరికి వచ్చిందో కొంచెం ఆలోచించండి. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమును లొంగదీసుకొని యెకోన్యా రాజును, రాజమాతను, అధిపతులను, శిల్పకారులను, కంసాలులను బబులోనుకు చెరగొనిపోయాడు. ఇల్లూ వాకిలీ, దేవాలయమూ, పండుగలూ అన్నీ వెనుక మిగిలిపోయాయి. అటువంటి వారిలో నలభై ఏళ్ళ వయసున్న ఒక కంసాలి ఈ ఉత్తరం చదువుతుండగా విన్నాడనుకుందాం. డెబ్బది సంవత్సరాలు అన్న మాట చెవిన పడగానే అతనికి అర్థమైపోతుంది, తన సమాధి బబులోను మట్టిలోనే ఉంటుందని, యెరూషలేము వీధుల్లో మళ్ళీ నడిచేది తన మనుమలే గాని తాను కాదని. మనం ఎంతో సులువుగా పంచిపెట్టుకునే ఆ పదకొండవ వచనం మొదట అటువంటి మనిషికే వచ్చింది. అతనికి కూడా అది వాగ్దానమే, దేవుడు అతనితో పరాచికాలాడలేదు. తన కళ్ళతో చూడలేని మేలును సైతం తనకు జరిగిన మేలుగా ఎంచుకొని బ్రతకమని దేవుడు ఆ మనిషిని అడుగుతున్నాడు, ఆ అడగడంలోనే విశ్వాసమంటే ఏమిటో ఉంది.

ఆ రోజుల్లో ప్రజలకు ఇంకొక ప్రవచనం కూడా అందుబాటులో ఉంది, అది ఎంతో తియ్యగా ఉంది. ముందరి అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త యెహోవా మందిరంలో, యాజకుల ఎదుటను ప్రజలందరి ఎదుటను నిలబడి, రెండు సంవత్సరములలోగా మందిరపు ఉపకరణములన్నీ, చెరపట్టబడిన వారందరూ తిరిగి వస్తారని చెప్పాడు. బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడమీద ఉన్న కాడిని తీసి జనమంతా చూస్తుండగా విరిచాడు. అప్పటికి ముందే యిర్మీయా అతనికి ఇచ్చిన జవాబు నన్ను ఎప్పుడూ ఆపి ఆలోచింపజేస్తుంది. "ఆమేన్" అన్నాడు, యెహోవా ఆలాగుననే చేయునుగాక అన్నాడు. అంటే రెండేళ్ళలో చెర తీరాలని యిర్మీయాకు మాత్రం లేదా? హనన్యాకన్న అతనికే ఎక్కువగా ఉంది, ఆ ప్రజల కోసం కన్నీరు కార్చినవాడు అతనే. కాని తన కోరిక వేరు, దేవుడు పలికిన మాట వేరు అని అతనికి తెలుసు, ఆ తేడాను జనం మెప్పు కోసం చెరిపివేయలేదు. హనన్యా ఆ సంవత్సరమే ఏడవ నెలలో చనిపోయాడని వాక్యం చెబుతోంది.

నేను ఈ మాట మృదువుగానే అయినా దాచకుండా చెప్పాలి. మూడు నెలల్లో వీసా వస్తుంది, ఈ సంవత్సరం ముగిసేలోగా గర్భఫలం కలుగుతుంది, వచ్చే పండుగనాటికి అప్పులన్నీ తీరిపోతాయి అని తేదీలు వేసి ప్రవచించే స్వరాలు ఈనాడు మన మధ్య తక్కువగా లేవు. వారి దగ్గరికి వెళ్ళేవారిని నేను నిందించను, బాధలో ఉన్నవాడికి గడువు తెలిస్తే ఊపిరాడినట్టుంటుంది. కాని గడువు దాటిపోయినప్పుడు ఏం జరుగుతుందో కాపరులకు తెలుసు. ప్రవక్త తప్పు చెప్పాడని ఎవరూ అనరు, నీ విశ్వాసం చాలలేదని ఆ ఇల్లాలితోనే అంటారు. ఆమె మందిరానికి రావడం మానేస్తుంది. దేవుడు ఎన్నడూ పెట్టని తేదీకి దేవుణ్ణి జవాబుదారీ చేసి, చివరికి ఆ భారమంతా ఒక స్త్రీ నెత్తిన మోపడం ఎంత క్రూరమైన పని! "కాలములను సమయములను తండ్రి తన స్వాధీనమందుంచుకొని యున్నాడు" అని ప్రభువు పరలోకానికి వెళ్ళే ముందు శిష్యులతో చెప్పిన మాట నేటి బోధకులకు కూడా వర్తిస్తుంది.

మరి డెబ్బది సంవత్సరాలు ఏం చేయాలి? దేవుడు చాలా విడమరచి చెప్పాడు. ఇండ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలములు తినండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మును చెరపట్టిన ఆ పట్టణపు క్షేమం కోరి దాని కొరకు ప్రార్థన చేయండి అన్నాడు. ఒక మామిడి చెట్టు నాటినవాడు కాపుకు ఏళ్ళు పడుతుందని తెలిసే నాటుతాడు. మూటాముల్లె కట్టుకొని గుమ్మంలో కూర్చునే ఎదురుచూపు ఇది కాదు. యిర్మీయా తాను కూడా అదే చేశాడు. యెరూషలేము ముట్టడిలో ఉండగా, తాను చెరసాల ప్రాకారంలో ఉండగా, శత్రువు చేతికి పోబోతున్న అనాతోతు పొలాన్ని పదియేడు తులముల వెండి తూచి ఇచ్చి కొన్నాడు, సాక్షులను పెట్టి క్రయపత్రం వ్రాయించాడు, ఆ పత్రం బహు దినములుండునట్లు మంటికుండలో దాచమని తన లేఖకుడైన బారూకుతో చెప్పాడు. ఆ పొలంలో అతను ఒక పంటైనా కోసుకున్నట్టు బైబిల్లో ఎక్కడా లేదు.

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. ఒంగోలు సాక్ష్యం మీలో కొందరు చిన్నప్పటి నుంచి విన్నదే. కాని దాన్ని మనం చివరి అంకె దగ్గర మొదలుపెట్టి చెప్పుకుంటాం, 2,222 మంది ఒకే రోజున బాప్తిస్మం పొందారని. దాని వెనుకనున్న ఏళ్ళను ఈ సాయంకాలం కాస్త నిదానంగా చూద్దాం.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ పంపగా శామ్యూల్ డే గారు 1836లో తెలుగు దేశానికి వచ్చారు, కొన్నేళ్ళు ఇతర చోట్ల పనిచేసి 1840లో నెల్లూరు చేరుకున్నారు. లైమన్ జ్యూయెట్ గారు 1849లో అక్కడికి వచ్చారు. ఎండల్లో తిరిగారు, సంతల్లో బోధించారు, భాష నేర్చుకున్నారు. ఫలం మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టదగినంతే. బర్మాలో వేలమంది సంఘంలో చేరుతుండగా తెలుగు మిషన్ మీద ఖర్చు దండగ అనే మాట అమెరికాలో పైకి వచ్చింది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ నగరంలో జరిగిన సమావేశంలో ఈ పని ఆపేద్దామా అని గట్టి చర్చ నడిచింది. అక్కడ గోడకు తగిలించిన పటంలో బర్మా అంతటా మిషన్ కేంద్రాలు చుక్కలుగా కనబడుతుండగా మన వైపున నెల్లూరు ఒక్కటే ఒంటరి నక్షత్రంలా ఉందని ఒక సహోదరుడు అన్నాడు. ఆ మాటతో ఆ మిషన్‌కు ఒంటరి నక్షత్రం అనే పేరు స్థిరపడిపోయింది, మిషన్ మూతపడకుండా నిలిచింది.

ఆ కొద్ది నెలలకే, 1854 జనవరి 1 తెల్లవారుజామున, నెల్లూరు నుంచి సువార్త పర్యటన మీద వచ్చిన ఐదుగురు ఒంగోలు ఊరి పక్కనున్న కొండ ఎక్కారు. జ్యూయెట్ గారు, ఆయన భార్య, నరసు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు అనే ఇద్దరు సహోదరీలు. అంతే, ఐదుగురు. ఆ ఊరికి ఒక దైవసేవకుణ్ణి పంపమని ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. సూర్యోదయమయ్యాక జ్యూయెట్ గారు కింద ఒక స్థలాన్ని చూపించి, ఒంగోలుకు వచ్చే మిషనరీ ఇల్లు అక్కడ ఉంటే బాగుంటుంది కదా అని అన్నారట. ఆ తరువాత కొండ దిగి తమ పనికి తాము వెళ్ళిపోయారు. ఆ కొండ తరువాతి కాలంలో ప్రార్థన కొండగా పేరుపొందింది.

ఆ నూతన సంవత్సరపు ఉదయాన వారికి ఏ తేదీ బయలుపరచబడలేదు. ఒక ఏడు గడిచింది, రెండేళ్ళు గడిచాయి, ఐదేళ్ళు గడిచాయి, ఎవరూ రాలేదు. 1862లో జ్యూయెట్ గారు ఆరోగ్యం దెబ్బతిని స్వదేశానికి వెళ్ళారు. అప్పుడు కూడా మిషన్ మూసివేత మాటే ఎదురైంది. ఎవరు పంపినా పంపకపోయినా తాను వెనక్కి వెళ్ళి, అవసరమైతే తెలుగువారి మధ్యనే ప్రాణం విడుస్తానని ఆయన పట్టుబట్టారు. అలాగైతే మిమ్మల్ని పాతిపెట్టడానికైనా ఒకరిని తోడుగా పంపాలి కదా అని మిషన్ కార్యదర్శి అన్నాడని ఆ చరిత్రలో చెప్పుకుంటారు. ఆ తోడుగా వచ్చినవారే జాన్ క్లౌ గారు. 1865లో ఆయన నెల్లూరు చేరారు, మరుసటి ఏడు ఒంగోలులో కాపురం పెట్టారు. కొండ మీది ప్రార్థనకు అది పన్నెండేళ్ళ తరువాతి మాట. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఆ పన్నెండేళ్ళలో దేవుడు ఊరకున్నాడా? తాళ్ళకొండపాడు అనే ఊరిలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ సహోదరుడు ఉండేవాడు. తోళ్ళ వ్యాపారి. ఒక గురువును ఆశ్రయించి యోగమార్గంలో ఏళ్ళ తరబడి సత్యం కోసం వెదకినవాడు. వ్యాపారం మీద ఉత్తరాన ఉన్న తెలుగు జిల్లాలకు వెళ్ళినప్పుడు అక్కడి మిషనరీల నోట మొదటిసారి సువార్త విన్నాడు. కొండ మీద ప్రార్థించిన ఐదుగురికి అతని పేరు తెలియదు, అతనికి వారి ప్రార్థన తెలియదు. క్లౌ గారు ఒంగోలు వచ్చేటప్పటికి పేరయ్య సిద్ధంగా ఉన్నాడు. 1866లో అతడూ అతని భార్య నాగమ్మా బాప్తిస్మం పొందారు, ఆ మీదట తన జనం మధ్య పల్లె పల్లెకూ తిరిగి సువార్తను మోసినవాడు అతనే. మన కంటికి ఆలస్యంగా కనబడిన కాలంలో దేవుడు ఎక్కడ, ఎవరి హృదయాన్ని దున్నుతున్నాడో మనకు చెప్పడు. ఇది నాకు చాలా ఓదార్పునిచ్చే సంగతి, అందుకే ఇంతసేపు దీని మీద నిలిచాను.

ఇంకొక సంగతి ఉంది, నా మట్టుకు 2,222 అనే అంకెకన్న అది గొప్పది. 1876లో వానలు పోయాయి. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న మహాక్షామం అది. 1878 వరకు దక్షిణాదిని పీడించింది. జనం ఆకులూ అలములూ తిని, చివరికి అవీ దొరకక దారుల పక్కన పడి చనిపోయారు. ఆ సమయంలో క్లౌ గారు ప్రార్థన కూడికలు పెట్టుకొని కూర్చోలేదు. అమెరికాలో భూముల సర్వే చేసిన అనుభవం ఉన్న మనిషి కాబట్టి, కరువు పనిగా ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైబడిన ముక్కను కాంట్రాక్టుకు తీసుకున్నారు. సంఘ బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చేయించారు. అన్ని కులాల జనం వచ్చారు, తవ్వినవారికి కూలి అందింది, ప్రాణం నిలిచింది. మధ్యాహ్నం పలుగూ పారా పక్కన పెట్టి, తట్టలు బోర్లించుకొని కూర్చున్నప్పుడు బోధకులు వారికి చెప్పిన మాట ఎక్కువగా ఒకటే, "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి."

విన్నవారు వందలుగా వచ్చి మాకు బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ గారు ఇవ్వలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. రొట్టెలు భుజించి తృప్తిపొందినందున నన్ను వెదకుచున్నారు అని ప్రభువు యోహాను 6వ అధ్యాయంలో జనసమూహంతో అన్న మాట మీకు గుర్తుంది గదా. ఆకలిగొన్నవాడి చేతిలో అన్నం పెట్టి, అదే చేత్తో అతని ఆత్మను లెక్కలో వేసుకోవడానికి ఆయన మనస్సాక్షి ఒప్పలేదు. ఏళ్ళ తరబడి ఫలం లేదని నిందలు పడిన మిషన్ అది. ఆ పదిహేను నెలల్లో సంఖ్యలు వ్రాసి పంపితే అమెరికాలో ఎంత సంతోషించేవారో ఊహించండి. అయినా ఆగారు.

ఇక్కడ నాకు గిల్గాలులో సౌలు రాజు జ్ఞాపకం వస్తాడు. ప్రవక్తయైన సమూయేలు చెప్పిన ఏడు దినాలు కనిపెట్టాడు, జనం చెదరిపోతున్నారు, ఫిలిష్తీయులు మిక్మషులో కూడుకున్నారు, ఇక ఆగలేక తానే దహనబలి అర్పించాడు. అర్పించి చాలించిన వెంటనే సమూయేలు వచ్చెనని వ్రాయబడింది. సౌలు చేసింది చూడడానికి భక్తి కార్యమే, అందుకే అది అంత ప్రమాదకరమైనది. ఓపిక తప్పినవాడు ఎప్పుడూ పాపంలోనే పడతాడని అనుకోకండి, మంచి పనిని సమయం రాకముందే చేసేవారు సంఘాల్లో చాలామంది ఉన్నారు. పరిపక్వం కాని యువకుణ్ణి కాపరిగా నిలబెడతారు, మనసు కుదరని పిల్లకు సంబంధం మంచిదని చెప్పి నెలలో పెళ్ళి చేసేస్తారు, కడగలిగే స్తోమత లేకుండా మందిరానికి పునాది త్రవ్వి విశ్వాసులను అప్పులపాలు చేస్తారు. ప్రతి దాని మీదా దేవుని పేరే ఉంటుంది.

1878 నడిమికి వానలు పడి, కాలువ పని ముగిసి, కూలి డబ్బు ఆగిపోయిన తరువాతనే మలుపు వచ్చింది. గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర జనం కూడారు. ఇకమీదట మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని క్లౌ గారు చెప్పి చూశారు. మాకు సహాయం అక్కరలేదు, మేము పనిచేసి బ్రతుకుతామనడానికి మా చేతుల మీది బొబ్బలే సాక్ష్యం, ఈ పంట కూడా పోయి చావవలసి వస్తే క్రైస్తవులుగా చస్తాం అని వారు అన్నట్టు ఆ చరిత్ర చెబుతోంది. అప్పుడు ఒక్కొక్కరిని పరీక్షించి, జూలై 3న 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కొక్క మారు ఇద్దరు చొప్పున నీళ్ళలోకి దిగి ఇచ్చారు. క్లౌ గారు ఆనాడు ఒక్కరికి కూడా తన చేతులతో ఇవ్వలేదు. ఆ సంవత్సరం డిసెంబర్ ఆఖరుకు ఆ సంఖ్య 9,606 అయింది.

ఒక అపార్థాన్ని ఇక్కడ తొలగించాలి. ఓపిక పట్టండి, మీకు కూడా ఇలాంటి అంకె వస్తుంది అని నేను చెప్పడం లేదు. శామ్యూల్ డే గారు ఆరోగ్యం చెడి 1853లోనే స్వదేశం వెళ్ళిపోయారు, 1871లో కన్నుమూశారు. ఈ ఆత్మల పంటను ఆయన చూడలేదు. "వీరందరు ఆ వాగ్దానముల ఫలము అనుభవింపకపోయినను, దూరమునుండి చూచి వందనముచేసి" మృతినొందిరని హెబ్రీ పత్రికలో చదువుతున్నామే, ఆ వరుసలో ఆయన కూడా ఉన్నారు. డే గారి ఏళ్ళు వృథా కాలేదని 1878 మనకు చూపిస్తుంది గాని, ఒకవేళ 1878 రాకపోయినా దేవుని దృష్టిలో అవి వృథా కావు. నమ్మకం ఫలితం మీద నిలబడితే ఫలితం లేని ఏట కూలిపోతుంది. డే గారి నమ్మకం దేవుని మీద నిలబడింది.

మరొక అపార్థం ఇంతకన్న హానికరమైనది. ఓపిక అనే మాటను మనం బలహీనుల నోరు నొక్కడానికి వాడతాం. భర్త చేతి దెబ్బలు తిని పుట్టింటికి వచ్చిన చెల్లెలికి, దేవుని సమయం కోసం కనిపెట్టమ్మా అని ప్రార్థన చేసి అదే ఇంటికి తిరిగి పంపిస్తాం. ఆపరేషన్ చేయించుకోవాలని డాక్టరు చెబితే, విశ్వాసంతో ఆగమని సలహా ఇస్తాం. ఇది కనిపెట్టడం కాదు, దయచేసి దీనికి దేవుని పేరు పెట్టకండి. లూకా సువార్త 18వ అధ్యాయంలో విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి గుమ్మం దగ్గరికి మాటిమాటికి వెళ్ళింది, ఆమెను ప్రభువు మనకు ఆదర్శంగా పెట్టాడు. కరువులో క్లౌ గారు పలుగు పట్టించారు గాని పస్తుండి ఓపిక పట్టమనలేదు. అన్నం పెట్టడంలో ఒక్క రోజు ఆలస్యం చేయనివాడే బాప్తిస్మం ఇవ్వడంలో పదిహేను నెలలు ఆగాడు. ఏది వెంటనే చేయాలో ఏది ఆగి చేయాలో తెలియడానికి జ్ఞానం కావాలి, అది వాక్యధ్యానంలో, పెద్దల సహవాసంలో అడిగి పొందవలసినది.

బాధను దాచుకోవడం కూడా ఓపిక కాదు. లాజరు రోగియైయున్నాడని విని ప్రభువు తానున్న చోటనే ఇంకా రెండు దినములు నిలిచాడు. ఆయన వచ్చేటప్పటికి సమాధిలో పెట్టి నాలుగు దినాలైంది. "ప్రభువా, నీవిక్కడ ఉండిన యెడల నా సహోదరుడు చావకుండును" అని మార్త ఆయన ముఖం మీదనే అన్నది. ఆ మాటలో నమ్మకం ఉంది, నిష్ఠూరం కూడా ఉంది. ప్రభువు ఆమెను గద్దించలేదు. లాజరును లేపబోతున్నానని తనకు తెలిసి కూడా ఆ సమాధి దారిలో కన్నీళ్ళు విడిచాడు. ఆయన ఆలస్యం వల్ల మనకు కలిగిన దుఃఖం ఆయనకు చిన్న విషయం కాదు. ఎంతకాలము యెహోవా అని అడిగిన దావీదు మాటలను పరిశుద్ధాత్ముడు కీర్తనల్లోనే ఉంచాడు, వాటిని మీరు ఈ రాత్రి మీ మాటలుగా చేసుకోవచ్చు.

మీలో కొందరు బిడ్డ కోసం, కొందరు దారి తప్పిన కొడుకు కోసం, కొందరు మంచాన పడిన తల్లి కోసం, ఉద్యోగం కోసం ఏళ్ళుగా మొఱ్ఱపెడుతున్నారని నాకు తెలుసు. మీకు చెప్పడానికి నా దగ్గర ఏ తేదీ లేదు. మీ పక్కన కూర్చున్న వారికి కూడా ఇటువంటి భారమే ఉండవచ్చు, వారి పేరు అడగండి, భారం అడగండి, రేపటి నుంచి మీ ప్రార్థనలో మీ సంగతితో పాటు వారి సంగతిని కూడా చేర్చండి. యిర్మీయా ఆ ఉత్తరంలో పట్టణం కొరకు ప్రార్థించమన్నాడు గనుక, మన ఊరి కొరకు, ఈ సంవత్సరం వానలు లేక ఇబ్బంది పడుతున్న రైతుల కొరకు కూడా ప్రార్థిద్దాం. సంఘ పెద్దలు దయచేసి ముందుకు రండి. ప్రార్థన కావలసినవారు మీరున్న చోటనే లేచి నిలబడవచ్చు, నిలబడలేని పెద్దవారు కూర్చునే ఉండండి, మేమే మీ దగ్గరికి వస్తాం.